రెండోసారి డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే ఎన్నాళ్లు జైలు?

మా బావమరిది హైదరాబాద్‌లో పోయినేడు ఒకసారి దొరికి ఫైన్ కట్టాడు, మొన్న శనివారం మళ్లీ దొరికాడు. రెండేళ్లు పడుతుందని ఆఫీసులో ఎవరో అన్నారట, అప్పట్నుంచి మా అత్తగారు అన్నం ముట్టడం లేదు. నిజమేనా?

జవాబు 1: రెండేళ్లు అనేది గరిష్ఠ పరిమితి అండీ, తప్పనిసరిగా వేసేది కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం మొదటిసారైతే 6 నెలల వరకు జైలు లేదా 10,000 జరిమానా లేదా రెండూ, రెండోసారికి 2 ఏళ్ల వరకు జైలు లేదా 15,000 లేదా రెండూ. కనీసం ఇన్ని రోజులని లేదు కాబట్టి అంతా మేజిస్ట్రేట్ చేతిలోనే ఉంటుంది. రీడింగ్ ఎంత? 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే.

అడిగినవారు: 140 అట.

జవాబు 2: అయితే చాలా ఎక్కువే. లాయర్‌ని పెట్టుకోండి, వాయిదాకి మాత్రం ఎగ్గొట్టొద్దు, వారంట్ వస్తుంది. లైసెన్స్ కూడా సస్పెండ్ కావచ్చు.

జవాబు 3: ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదృష్టం. ముంబైలో 2006లో ఫుట్‌పాత్ మీద పడుకున్న ఏడుగురిని తాగి కారుతో తొక్కించిన అలిస్టర్ పెరీరాకి కింది కోర్టు ఆరు నెలలే వేసింది, హైకోర్టు మూడేళ్లు చేసింది, 2012లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. ఏడు ప్రాణాలకి మూడేళ్లు! అదీ నాకు తక్కువే అనిపిస్తుంది.

అడిగినవారు: బండి తాళాలు ఇప్పుడు మా అత్తగారి దగ్గరే ఉన్నాయి.