జంత్రపుఁ గీలు: యంత్రమా, వీణా?

మిర్యాలగూడ వాసి: సుమతి శతకం పద్యం ఒకటి రెండ్రోజులుగా వదలడం లేదు. 'మంత్రిగలవాని రాజ్యము / తంత్రము సెడకుండ నిలుచుఁ దఱచుగ ధరలో / మంత్రి విహీనుని రాజ్యము / జంత్రపుఁ గీలూడినట్లు జరుగదు సుమతీ'. మా నాన్న 'యంత్రపుఁ గీలు' అని చదివేవారు. ఏది సరి? దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ ప్లాంటు మాట వచ్చినప్పుడు గుర్తొచ్చింది. 4,000 మెగావాట్ల జెన్‌కో (రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ) ప్లాంటుకు జవాబుదారీ మంత్రా, సంస్థను నడిపే సీఎండీనా (చైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్) అని మా దగ్గర పెద్ద వాదన.

వనపర్తి మాస్టారు: జంత్రమే. యతి చూడండి, పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరాలి. నాలుగో గణం 'జరుగదు'. య పెడితే యతి చెడుతుంది. ప్రాస మాత్రం రెంటికీ కుదురుతుంది, అందుకే చెవి మోసపోతుంది.

గద్వాల అక్క: యతి సరే మాస్టారూ, అర్థం మాటేమిటి? జంత్రమంటే యంత్రమే కాదు, వాద్యం కూడా. కీలంటే తీగను బిగించే వీణ బిరడ అనే నా నమ్మకం. పైన 'తంత్రము సెడకుండ' అన్నచోట తంత్రి వినిపించడం లేదూ?

వనపర్తి మాస్టారు: పాలన అనే తంత్రం వేరు, వీణ తీగ అనే తంత్రి వేరమ్మా. వీణే అయితే 'మోగదు' అనేవాడు.

గద్వాల అక్క: 'జరుగదు' రాజ్యానికి చెప్పిన క్రియ. వీణకు కాదు.

నల్లగొండ ఆడిటర్: ఇద్దరూ 'కీలు'ను వదిలేశారు. దర్వాజకు కీలు రెక్కా కాదు, చౌకట్టూ కాదు, రెంటినీ కలిపేది. మంత్రీ అంతే, కంపెనీని శాసనసభతో కలిపేవాడు. కంపెనీ బోర్డులో కూర్చునేది ఐఏఎస్‌లు, డైరెక్టర్లు. కానీ 2013 కంపెనీల చట్టం 394, 395 సెక్షన్ల ప్రకారం ప్రభుత్వ కంపెనీ వార్షిక నివేదిక, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వ్యాఖ్యలతో సహా శాసనసభకు రావాలి. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిది. దాని గురించి అసెంబ్లీలో ఎమ్మెల్యే అడిగితే లేచి జవాబు చెప్పేది సీఎండీ కాదు, మంత్రి. ఆ నివేదికలు ఏళ్ల తరబడి సభకు రాకపోతే కీలూడినట్టే. నాకు కోపం వచ్చేది అక్కడే.

అచ్చంపేట అన్న: బాగుంది సార్. కానీ సుమతి శతకం రాసిన బద్దెన నాటి మంత్రి రాజుకు ఆలోచన చెప్పేవాడు. ఇప్పుడా పని కార్యదర్శిది. మంత్రే రాజు స్థానంలో ఉన్నాడు. పద్యాన్ని తిప్పి చదవాలేమో.

వనపర్తి మాస్టారు: ఈ మాట సురవరం ప్రతాపరెడ్డి గారు ఉంటే తేల్చేవారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబిచ్చిన మనిషి. 1952లో మా వనపర్తి నుంచే శాసనసభకు వెళ్లారు. పద్యమూ తెలుసు, సభా తెలుసు.

గద్వాల అక్క: మాస్టారూ, సురవరం అంటే మాకూ ప్రాణమే, ఆయన ఒక్క వనపర్తి సొత్తు కాదు. బిరడ సంగతి మాత్రం నేను వదలను.

మిర్యాలగూడ వాసి: అందరికీ దండాలు. జంత్రం ఒప్పుకున్నా. ఇప్పుడు 'దఱచుగ ధరలో' పట్టుకుంది. దఱచుగ అంటే 'తరచుగా' అయితే, మంత్రి ఉన్నా ఒక్కోసారి తంత్రం చెడుతుందనేనా?