సీలియాక్ తగ్గుముఖం పట్టాక కూడా రిపోర్టులో గీత దాటే అంకెలు: వెంటపడాలా, ఆగాలా?

కృష్ణాతీరం
మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. సీలియాక్ వ్యాధి (గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు) అని తేలి ఏడాది దాటింది. గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బార్లీ అన్నీ మాన్పించాం. విరేచనాలు కట్టాయి, బరువు పెరిగింది, ముఖంలో కళ వచ్చింది. అయినా మొన్నటి రిపోర్టులో ఐదు చోట్ల తేడా. సీలియాక్‌కు చేసే రక్తపరీక్ష టీటీజీ యాంటీబాడీ 27. అది 20 లోపు ఉండాలట, మొదట్లో 200 పైనే ఉండేది. ఎస్‌జీపీటీ (లివర్ పరీక్ష) 88 నుంచి 46కు దిగింది కానీ 40 దాటే ఉంది. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ 13. ప్లేట్‌లెట్లు 4.7 లక్షలు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) 5.8. డాక్టరుగారు “బాగానే ఉంది, ఆరు నెలలకు రండి” అన్నారు. మా ఆడపడుచు మాత్రం పిల్లకు షుగర్ మొదలైందని, లివర్ కూడా చూపించాలని పట్టుబడుతోంది. ఆరు నెలలు ఆగవచ్చా?

ల్యాబు మిత్రుడు
ఆగవచ్చమ్మా. చాలా పరీక్షల్లో నార్మల్ గీతను ఆరోగ్యవంతులకే పరీక్ష చేసి, వారిలో మధ్యనున్న 95 శాతం మంది అంకెలను బట్టి గీస్తారు. అంటే ఏ జబ్బూ లేనివారిలోనే నూటికి ఐదుగురు ఆ గీతకు బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక్క అంకె గీత దాటే అవకాశం 60 శాతం పైనే. మీ అమ్మాయి టీటీజీ, ఎస్‌జీపీటీ రెండూ కిందికే నడుస్తున్నాయి. నాకు అదే ముఖ్యం. ఒక్క మాట: టీటీజీకి ఒక్కో కంపెనీ కిట్టుది ఒక్కో కొలత. ఈసారీ అదే ల్యాబులో చేయించండి, లేకపోతే పోల్చడానికి వీలుండదు.

ఢిల్లీ తెలుగు
నేను ఒప్పుకోను. ఉత్తర భారతంలో నూటికి ఒకరికి పైగా ఈ జబ్బు ఉందని, దక్షిణాదిలో వెయ్యికి ఒకరికేనని 2016లో వచ్చిన అధ్యయనం చెప్పింది. మన వైపు డాక్టర్లకు ఇలాంటి రోగులు తక్కువగా తగులుతారు, అందుకే “బాగానే ఉంది” అన్న మాటతో నాకు తృప్తి లేదు. సీలియాక్ ఉన్నవారికి టైప్ 1 షుగర్, థైరాయిడ్ జబ్బు వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. 5.8ని ఎలా వదిలేస్తారు? పైగా టీటీజీ నార్మల్ అయినంత మాత్రాన పేగు మానినట్టు కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ వారు 2010లో చూపించారు: గ్లూటెన్ మానేసిన రెండేళ్లకు పేగు పొర కోలుకున్నది 34 శాతం మందికే, ఐదేళ్లకు 66 శాతం మందికి.

జొన్నచేను
ఢిల్లీ వారూ, ఆ లెక్క పెద్దవాళ్లది. పిల్లల పేగు సాధారణంగా త్వరగా మానుతుంది. నేనూ ఈ జబ్బుతోనే ఏళ్లుగా బతుకుతున్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కృష్ణాతీరం గారూ, ఆ ఐదింటినీ ఐదు జబ్బులుగా చూడకండి. మనం తినే ఇనుము ఎక్కువగా ఒంటబట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. సీలియాక్ దెబ్బతీసేదీ ముందుగా అక్కడే. హిమోగ్లోబిన్ ముందు కోలుకుంటుంది, నిల్వ నిండటానికి నెలలు పడుతుంది. నెలసరి ఉన్న ఆడపిల్లకు ఇంకా ఆలస్యం. ఫెర్రిటిన్ 13 అంటే ఆ నిల్వ ఖాళీ అయిందనే. ఇనుము తక్కువైతే ప్లేట్‌లెట్లు పెరగవచ్చు. చక్కెర మామూలుగా ఉన్నా హెచ్‌బీఏ1సీ కాస్త పైకి చూపవచ్చు. మూడు అంకెలకు మూలం ఒకటే కావచ్చు. ఉదయం పరగడుపున షుగర్ ఒకసారి చూపిస్తే ఆడపడుచుగారి బెంగ తీరిపోతుంది.

ఇక టీటీజీ. మొదట్లో అంత ఎక్కువగా ఉన్నవారికి నార్మల్‌కు రావడానికి రెండేళ్లు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. కానీ 27 దగ్గరే ఆగిపోతే మాత్రం వంటింట్లో వెతకాలి. పొడి ఇంగువ డబ్బా వెనక చదవండి. చాలా కంపెనీలు అందులో గోధుమపిండి కలుపుతాయి. జొన్నపిండి ఎక్కడ పట్టిస్తున్నారు? మీకు ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని వెళ్లి ఉంటే, ఆ మర రాళ్ల మధ్య మిగిలింది మీ డబ్బాలోకే వస్తుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు లోపలికి వెళ్తే చాలు, పేగు పొర దెబ్బతింటుందని పరిశోధన చెబుతోంది. ఒక్క చపాతీలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

కృష్ణాతీరం
ఇంగువ డబ్బా ఇప్పుడే చూశాను. గోధుమపిండి అని స్పష్టంగా ఉంది. పప్పులో, చారులో, పులిహోరలో రోజూ అదే. జొన్నలు, రాగులు కూడా వీధి చివరి మరలోనే పట్టిస్తాం. పరగడుపు షుగర్ కిందటి నెల చూపించాం, 86.

ఢిల్లీ తెలుగు
86 అయితే షుగర్ సంగతి వదిలేస్తాను. ఫెర్రిటిన్ విషయంలో వదలను. 13 పెట్టుకుని ఆరు నెలలు చూస్తూ కూర్చోమనడం అన్యాయం. చదువుకునే పిల్ల, నీరసం, మతిమరుపు అన్నీ దానివల్లే రావచ్చు. ఇనుము మందు గురించి ఈ వారమే డాక్టరుగారిని అడగండి. ఎస్‌జీపీటీ కూడా వచ్చేసారికి దిగకపోతే సీలియాక్ మీద తోసేయకుండా ఇతర కారణాలు వెతకమని చెప్పండి. బరువు పెరిగే క్రమంలో కొందరికి లివర్‌లో కొవ్వు చేరుతుంది.

ల్యాబు మిత్రుడు
ఇనుము మాటలో మీతో ఏకీభవిస్తున్నాను. ఆగమన్నది టీటీజీ కోసం మాత్రమే, దాన్ని నెలనెలా చూస్తే డబ్బు దండగ. ఫెర్రిటిన్ మళ్లీ చేయించేటప్పుడు జ్వరం, జలుబు లేని రోజు చూసుకోండి. ఒంట్లో వాపు ఉంటే నిల్వ లేకపోయినా అంకె ఎక్కువ చూపుతుంది. ఇనుము మాత్ర కాఫీతో, టీతో వేయకండి. విరేచనాలు తిరగబెట్టినా, బరువు తగ్గినా గడువు చూడకుండా వెళ్లండి.

జొన్నచేను
పిండి వీధి మరలో పట్టించడం మానేయండి. మా ఇంట్లో చిన్న కరెంటు మర కొన్నాం, అందులో గోధుమ గింజ పడనివ్వం. ఇంగువకు బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతున్నాయి, గ్లూటెన్ లేదని ముద్ర ఉన్నది చూసి తీసుకోండి. మన దేశంలో ఆ ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్న నియమం ఉంది. పాత డబ్బాలోని చెంచా కూడా పారేయండి.