‘కుచ్చిళ్ళు కుదరడం’: ఈ మాట కిల్టుకు చెల్లుతుందా?

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. స్కాట్లండు వస్త్రధారణ గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అక్కడి మగవారు నడుముకు చుట్టుకొనే, వెనుక మడతలుండే గళ్ళబట్ట కిల్టు. మంచి పనితనం ఉన్న కిల్టును ఎలా గుర్తుపట్టాలో చెప్పే భాగం దగ్గర ఆగిపోయాను. ‘చక్కగా కుట్టిన కిల్టు’ అంటే పొడిగా ఉందనిపించి, ‘కుచ్చిళ్ళు కుదిరిన కిల్టు’ అని రాశాను. మా అన్నయ్య అది చదివి, కుచ్చిళ్ళు చీరకు ఉంటాయి గాని మగవాళ్ళు కట్టుకొనే బట్టకు ఎక్కడివని నవ్వాడు. పైగా, కుట్టేసిన మడతలు ఇక కదలవు కనుక వాటికి ‘కుదరడం’ అనే క్రియ నప్పదన్నాడు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:

మీ అన్నయ్యగారి మొదటి అభ్యంతరానికి పెద్ద చర్చ అవసరం లేదు. పంచె కట్టే ఇంట్లో పుట్టినవారెవరైనా ముందుకు కుచ్చిళ్ళు దోపుకోవడం చూసే ఉంటారు. బట్టను వరుసగా మడిచి ఒకచోట చేర్చితే అవి కుచ్చిళ్ళే. కట్టుకొనేది ఆడవారా మగవారా అన్నది ఆ మాటకు పట్టదు. పైగా ‘కిల్టు’ అనే పేరు కూడా మనకు బాగా తెలిసిన ఒక పని నుంచే వచ్చింది. స్కాట్స్ భాషలో అది మొదట క్రియ. కట్టుకున్న బట్టను పైకి లాగి నడుము దగ్గర దోపుకోవడం దాని అర్థం. డేనిష్ భాషలో ఇప్పటికీ దీనికి చుట్టమైన క్రియ ఉంది. తెలుగులో చెప్పాలంటే ‘ఎగ్గట్టడం’. వాగు దాటేటప్పుడు పంచె ఎగ్గట్టే మనిషిని తలచుకుంటే ఆ పేరు పుట్టుక కళ్ళకు కడుతుంది. అందుచేత కొన్ని పత్రికలు రాసే ‘స్కాట్లండు లంగా’ అనే మాట నాకు ఎన్నడూ నచ్చలేదు. లంగా తొడుక్కొనేది, కిల్టు చుట్టుకొనేది.

రెండో అభ్యంతరం మాత్రం నిజంగా ఆలోచించవలసినదే. ‘కుదరడం’ తనంతట జరిగే పని, ‘కుదర్చడం’ ఒకరు పూనుకొని చేసే పని. ‘ఇవాళ కుచ్చిళ్ళు కుదరలేదు’ అని అమ్మ విసుక్కున్నప్పుడు తప్పు చేతిదో, చీరదో, తొందరదో ఎవరూ తేల్చలేరు. రేపు మళ్ళీ కట్టుకుంటే అవే కుదరవచ్చు. కుట్టిన కిల్టుకు ఆ రేపు లేదు. దర్జీ ఒక్కసారి కుదిర్చినదే దాని ఆయుష్షంతా ఉంటుంది.

అయితే కిల్టు చరిత్రలో ఈ రెండు క్రియలకూ చోటుంది. పాతకాలపు పెద్ద కిల్టు కుచ్చిళ్ళను కుట్టని బట్ట. స్కాట్లండు కొండసీమ అయిన హైలాండ్ ప్రాంతపు మనిషి పొడవాటి ఉన్నిబట్టను నేల మీద పరిచి, చేత్తో కుచ్చిళ్ళు పెట్టి, దాని మీద పడుకొని, అంచులను పొట్ట మీదికి తెచ్చి బెల్టు బిగించేవాడని వర్ణిస్తారు. మిగిలిన పైభాగం భుజం మీదికి పోయేది. అక్కడ కుచ్చిళ్ళు రోజూ కొత్తగా కుదరవలసిందే. 18వ శతాబ్దం తొలి భాగంలో పైభాగాన్ని వదిలేసి, నడుము నుంచి మోకాలి దాకా మాత్రమే ఉండే ఫిలిబెగ్ వాడుకలోకి వచ్చింది. 1746లో చేసిన చట్టం సైన్యంలో లేని మగవారికి హైలాండ్ దుస్తులను నిషేధించింది. 1782లో దానిని రద్దు చేశారు. ఆ శతాబ్దం చివరికి కుచ్చిళ్ళను కుట్టేసిన కిల్టులు కనిపిస్తాయి. ‘కుదరడం’ నుంచి ‘కుదర్చడం’ దాకా నడిచిన దారి ఇదే.

ఈ తేడా నాకు పుస్తకాలు చదివి తెలియలేదు. ఎడిన్‌బరోలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక సహోద్యోగి పెళ్ళికి కిల్టు అద్దెకు తెచ్చుకున్నాను. దుకాణం పేరు ఇక్కడ అనవసరం. నిలుచున్నంతసేపూ బాగానే ఉంది. ఒకసారి కూర్చొని లేచేసరికి వెనుక కుచ్చిళ్ళు తలోదిక్కుకూ పోయి, మళ్ళీ దగ్గరికి రానే లేదు. ఫోటోల్లో నా వెనుక భాగం తడిసి ఆరిన పాత పుస్తకంలా ఉంది. తరువాత కొంతకాలానికి, కిల్టులు కుట్టే ఒక పెద్దావిడ తన బల్ల మీద సగం పూర్తయిన పనిని తిరగేసి మరీ చూపించింది. ఆ గంటసేపట్లో నేను నేర్చుకున్నవే ఇప్పుడు చెబుతున్నాను.

ముందుగా చూడవలసింది వెనుక భాగం. సంప్రదాయపు కిల్టుకు సుమారు 8 గజాల ఉన్నిబట్ట పడుతుంది. వెడల్పు బట్ట అయితే 4 గజాలు తీసుకొని, పొడవునా మధ్యకు చీల్చి, ఆ రెండు ముక్కలను ఒక మడత లోపల అతుకు కనబడకుండా కలుపుతారు. ముందువైపు ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు పొరలు సాదాగా ఉంటాయి. మిగిలినదంతా వెనుక కుచ్చిళ్ళలోకి పోతుంది. పిరుదుల దగ్గర 20 అంగుళాల వెడల్పులో 27 మడతలు పెట్టాలనుకుందాం. అప్పుడు ఒక్కో మడతలో బయటికి కనిపించేది ముప్పావు అంగుళం కంటే కాస్త తక్కువ. నడుము దగ్గరికి వచ్చేసరికి అదే మడత అర అంగుళానికి కొంచెం ఎక్కువగా సన్నబడాలి. ఆ సన్నబడడమంతా పిరుదుల నుంచి నడుము దాకా వేసే చేతికుట్టులోనే జరుగుతుంది. ఒక్కో మడతలో అంగుళంలో పదహారో వంతు తప్పు దొర్లితే, 27 మడతలు దాటేటప్పటికి అది అంగుళంన్నర మించిపోతుంది. అందుకే ఆవిడ ప్రతి మడతకూ కొలబద్ద పెట్టేది. కంటికి సరిపోయిందని వదిలేయడం నేను చూడలేదు.

ఇక గళ్ళ సంగతి. కిల్టుకు వాడే గళ్ళ ఉన్నిబట్టను టార్టన్ అంటారు. అందులో రంగుచారల ఒక పూర్తి వరుస పడుగులోనూ పేకలోనూ తిరిగి తిరిగి వస్తుంది. కుచ్చిళ్ళు పెట్టడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో ప్రతి మడత మీదా ఒకే చార నిలువునా కనిపించేటట్టు మడుస్తారు. ఇది సైనిక పద్ధతి. గోర్డన్ హైలాండర్లు అనే పాత స్కాటిష్ సైనిక దళం కిల్టుల్లో వెనుక వరుసగా కనిపించిన పసుపు గీత ఇలాంటిదే. రెండోదానిలో, మడతల్లోకి ఎంత బట్ట పోయినా, బయట కనిపించే ముక్కలన్నీ కలిసి మళ్ళీ అసలు గళ్ళనే చూపాలి. వరుస 6 అంగుళాలుంటే, ఒక్కో మడతలో ఆ 6 అంగుళాలూ లోపలికి పోయి, ఆ తరువాతి ముప్పావు అంగుళం పక్క మడత మీదికి రావాలి. దూరం నుంచి చూసినవాడికి అది మడవని బట్టేమో అనిపించాలి. ఆ మనిషి అడుగు వేయగానే కుచ్చిళ్ళు విచ్చుకొని, దాగిన రంగులు ఒక్క క్షణం మెరిసి, నిలబడగానే మళ్ళీ గళ్ళు గళ్ళుగా మూసుకోవాలి. నా దృష్టిలో ఇంతకు మించిన పరీక్ష లేదు. ‘కుదరడం’ అనే క్రియ ఇక్కడే తిరిగి బతుకుతుంది. దర్జీ కుదిర్చిన మడతలు, కట్టుకున్నవాడు కదిలిన ప్రతిసారీ తమంతట తామే కుదురుకోవాలి.

ఆ కుదురుకోవడంలో బట్ట పాలు కూడా ఉంది. గంజి పెట్టిన నేతచీర కుచ్చిళ్ళు నిలబడినట్టు జార్జెట్టువి నిలబడవని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. గజానికి 16 ఔన్సులు తూగే గట్టి ఉన్నిబట్టకు బరువే గంజి. 13 ఔన్సుల బట్ట కూడా విరివిగా వాడతారు, వేడిలో హాయిగా ఉంటుంది, కానీ బరువు బట్ట పడినట్టు పడదు.

అడుగు అంచును వేలితో తడిమి చూడండి. మంచి కిల్టుకు అక్కడ హెమ్మింగ్ ఉండదు. మగ్గం మీద నేసిన అంచే కింది అంచు అవుతుంది. మడిచి కుట్టిన అంచుంటే మడతలు అక్కడ ఉబ్బి, నీటుగా పడవు. పొడవు తరువాత తగ్గించుకోవచ్చునన్న ధీమా కూడా దర్జీకి ఉండదు కనుక, మోకాలి మధ్యకు వచ్చే కొలత ముందే సరిగ్గా తీయాలి.

చివరగా లోపలి వైపు. పైభాగంలో మడతల వెనుక పేరుకున్న బట్టను కత్తిరించి, ఆ బరువు కుట్టు మీద పడకుండా కాన్వాసు వేసి, దాని మీద నూలు లైనింగ్ కుడతారు. ఆ కాన్వాసు లేని కిల్టు కొన్నాళ్ళకు నడుము దగ్గర సాగుతుంది. నా అద్దె కిల్టులో లైనింగ్ కింద వేలు పెడితే ఉత్త బట్టే తగిలింది.

వ్యాఖ్య:

మా నాన్నగారు గుంటూరులో నలభై ఏళ్ళు దర్జీపని చేశారు. గళ్ళ చొక్కా కుడితే జేబు మీది గీత, చొక్కా గీతతో కలిసిందా లేదా అన్నదే ఆయన పనివాళ్ళను చూసే చూపు. ‘గీత కలిసింది’ అంటే పని వచ్చినట్టు. కిల్టుకు ‘కుదరడం’ కంటే ‘గీత కలవడం’ దగ్గరి మాట కాదా?

జవాబు:

చాలా మంచి మాట, నేనే మరిచాను. కిల్టులో అడ్డగీతలు మడత నుంచి మడతకు తెగకుండా సాగాలి. ముఖ్యంగా కుట్టు ముగిసే చోట, పిరుదుల దగ్గర. అక్కడ గీత మెట్లు మెట్లుగా కనిపిస్తే కుట్టినవారికి తొందరెక్కువని అర్థం. అయితే గీత కలవడం నిలకడగా ఉన్న బట్టకు సంబంధించిన గుణం, కుచ్చిళ్ళు కుదరడం కదిలే బట్టకు సంబంధించినది. గీతలన్నీ కలిసి కూడా నడకలో చెదిరిపోయే కిల్టులున్నాయి. కాబట్టి రెండు మాటలూ ఉంచుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను: ‘అడ్డగీతలు కలిసి, కట్టినవాడు నడిచి నిలిచిన ప్రతిసారీ కుచ్చిళ్ళు తిరిగి కుదురుకొనేదే మంచి కిల్టు.’ ఇంకొక సందేహం. ముందు పైపొర కుడి అంచున పోగులు ఊడదీసి వదులుతారు కదా, దానిని ‘కుచ్చులు’ అనవచ్చునా? కొత్త కిల్టు కుచ్చిళ్ళ మీద తెల్లదారంతో వేసి ఇచ్చే కుట్లను ఏమనాలి?

జవాబు:

ఆ అంచును ‘కుచ్చులు’ అనకండి. పక్కనే ‘కుచ్చిళ్ళు’ ఉండగా చదివేవారు తడబడతారు, పైగా కుచ్చు అంటే మనకు ముడివేసి వేలాడదీసినది, జడకుచ్చులలాగ. ‘పోగులు విడిచిన అంచు’ అంటే చాలు. తెల్లదారపు కుట్లు మాత్రం మన దర్జీలు వేసే టాకాలే. మడతలు రవాణాలో నలగకుండా వేస్తారు, కట్టుకొనే ముందు విప్పేయాలి. మీ అనువాదంలో ఆ ముక్క తప్పకుండా ఉంచండి. విప్పాలని తెలియక టాకాలతోనే పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిని నేను చూశాను.