టమాటా సెమినార్ డౌట్: రిసెప్టర్ తగ్గిస్తే కాయ ముందే ఎలా పండుతుంది?

ప్రశ్న – ఎమ్మెస్సీ బోటనీ, తిరుపతి

అందరికీ నమస్కారం. వచ్చే వారం నా సెమినార్. టమాటా పండేటప్పుడు ఇథిలీన్ సిగ్నలింగ్, కెరొటినాయిడ్ల (పండుకు ఎరుపు, పసుపు రంగులిచ్చే పదార్థాల) తయారీ అనేది టాపిక్. ఒక్క చోట ఇరుక్కుపోయాను.

కాయను పండించేది ఇథిలీన్ అనే గ్యాస్ హార్మోన్. దాన్ని పట్టుకునేది రిసెప్టర్. అలాంటప్పుడు రిసెప్టర్లు ఎక్కువుంటే కాయ తొందరగా పండాలి కదా? ఒక పేపర్లో ఎల్ఈ-ఈటీఆర్4 అనే రిసెప్టర్‌ను తగ్గిస్తే కాయ ఇంకా ముందే పండిందని ఉంది. సరే, అది పండడాన్ని ఆపుతుందేమో అనుకుంటే, ఇంకో పేపర్లోని గ్రాఫ్‌లో కాయ రంగు తిరిగే సమయానికి ఎన్ఆర్ అనే ఇంకో ఇథిలీన్ రిసెప్టర్ ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి జీన్ నుంచి వచ్చే నకలు) బాగా పెరుగుతోంది. ఆపేదయితే అప్పుడెందుకు పెరగాలి? ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారని సీనియర్లు చెప్పినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

జవాబు – పీహెచ్‌డీ స్కాలర్, హైదరాబాద్

తమ్ముడూ, నువ్వు చదివిన రెండు పేపర్లూ కరెక్టే. రిసెప్టర్ అనగానే "సంకేతం అందితే పనిచేసేది" అని మనసులో నాటుకుపోతుంది. ఇథిలీన్ రిసెప్టర్ దానికి తలకిందులు. ఇథిలీన్ లేనప్పుడే అది పనిలో ఉంటుంది.

మంచె మీద కాపలావాళ్లను ఊహించుకో. వాళ్లు మేలుకొని ఉన్నంత సేపూ కాయ పండదు. ఇథిలీన్ వచ్చి వాళ్లను నిద్రపుచ్చుతుంది. కాపలావాళ్లు తక్కువగా ఉంటే కొంచెం ఇథిలీన్‌తోనే అందరూ నిద్రపోతారు. ఎల్ఈ-ఈటీఆర్4ను తగ్గిస్తే కాయ ముందే పండడానికి కారణం అదే.

అసలు భాషలో చెప్పాలంటే, రిసెప్టర్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ పొర మీద ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు సీటీఆర్1 అనే కైనేజ్‌ను (వేరే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌ను) చురుగ్గా ఉంచుతుంది, అది పండే సంకేతాన్ని ముందుకు పంపే ఈఐఎన్2 ప్రొటీన్‌ను అణచిపెడుతుంది. రిసెప్టర్‌లోని రాగి అయాన్ దగ్గర ఇథిలీన్ అతుక్కున్నాక సీటీఆర్1 ఆగిపోతుంది, ఈఐఎన్2 విడుదలవుతుంది, ఈఐఎన్3 లాంటి ప్రొటీన్లు కేంద్రకంలో నిలబడి పండడానికి కావలసిన జీన్లను నడిపిస్తాయి.

ఇక గ్రాఫ్ సంగతి. నువ్వు చూసింది ఎంఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్ కాదు. 2007లో ఫ్లోరిడా యూనివర్సిటీలో హ్యారీ క్లీ బృందం ప్రొటీన్‌ను కొలిచింది. కాయ పండేటప్పుడు ఎంఆర్‌ఎన్‌ఏ పెరుగుతున్నా రిసెప్టర్ ప్రొటీన్ తగ్గిపోతోంది. ఇథిలీన్ పట్టుకున్న రిసెప్టర్‌ను కణం తన అక్కర్లేని ప్రొటీన్లను నరికే యంత్రం 26ఎస్ ప్రోటియసోమ్‌లో వేసి ముక్కలు చేస్తోంది. కాబట్టి ఆ గ్రాఫ్ స్లైడ్‌లో పెట్టేటట్టయితే పక్కనే ప్రొటీన్ బ్లాట్ (ప్రొటీన్ ఎంతుందో చూపే చిత్రం) కూడా పెట్టు. లేకపోతే నీకొచ్చిన డౌటే హాల్లో అందరికీ వస్తుంది.

ప్రశ్న – ఎమ్మెస్సీ బోటనీ, తిరుపతి

థాంక్స్ అక్కా, సగం భారం దిగింది. కానీ నెవర్-రైప్ మ్యూటెంట్ (ఎన్ఆర్ రిసెప్టర్ జీన్ మారిన టమాటా) మరి? అందులో రిసెప్టర్ పాడైంది కదా. రిసెప్టర్ పోతే కాయ ముందే పండాలి, అది అసలు పండదు!

జవాబు – పీహెచ్‌డీ స్కాలర్, హైదరాబాద్

పాడైంది కానీ పోలేదు. తేడా అంతా అక్కడే ఉంది. నెవర్-రైప్‌లో 36వ స్థానంలోని ప్రోలీన్ బదులు ల్యూసీన్ వచ్చింది. దాంతో ఆ రిసెప్టర్‌కు ఇథిలీన్ అతుక్కోదు. ఆపే పని మాత్రం ఆగదు, ఎంత ఇథిలీన్ ఇచ్చినా అణచిపెడుతూనే ఉంటుంది. అందుకే ఒక్క కాపీ మారినా ప్రభావం కనిపిస్తుంది. 1995లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్ ఇది.

నిజంగా గైడ్ నోరు మూయించాలంటే 2000లో గ్రియర్సన్ బృందం చేసిన ప్రయోగం చెప్పు. నెవర్-రైప్ మొక్కలోనే ఆ పాడైన రిసెప్టర్ తయారీని యాంటీసెన్స్‌తో (ఎంఆర్‌ఎన్‌ఏను అడ్డుకునే తిరగేసిన జీన్ నకలుతో) తగ్గించారు. కాయ మామూలుగా పండింది! రిసెప్టర్ పండించేదే అయితే అది తగ్గాక కాయ ఇంకా పచ్చిగా ఉండిపోవాలి కదా. నాకైతే ఈ టాపిక్ మొత్తంలో ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం కనపడలేదు. ఒక స్లైడ్ పూర్తిగా దానికే ఇవ్వు.

కెరొటినాయిడ్ల భాగం సులువు. కెరొటినాయిడ్లకు ముడిసరుకైన జీజీపీపీ అణువులు రెండింటిని కలిపి ఫైటోయిన్ చేసే ఎంజైమ్ ఫైటోయిన్ సింథేజ్. పండులో దీని జీన్ పీఎస్‌వై1. ఫైటోయిన్‌కు రంగుండదు. మరికొన్ని మెట్లు దాటాక ఎర్రటి లైకోపీన్ వస్తుంది. లైకోపీన్‌ను బీటా కెరొటిన్‌గా మార్చే సైక్లేజ్‌లు పండే సమయంలో తగ్గిపోతాయి కాబట్టి లైకోపీన్ పేరుకుంటుంది. పీఎస్‌వై1 పాడైన రకాల్లో పండు పసుపుగానే మిగిలిపోతుంది. ఈ జీన్‌ను మొక్కంతటా ఎక్కువ చేస్తే ఏమైందో తెలుసా, మొక్క మరుగుజ్జుగా తయారైంది. మొక్కను పెంచే హార్మోన్ జిబ్బరెల్లిన్ తయారీకీ అదే జీజీపీపీ కావాలి మరి.

రైతు, మదనపల్లి దగ్గర

అమ్మా, ఈ సంకేతాలు, కైనేజ్‌లు మాకు అర్థం కావు గానీ ఒక మాట. ఏప్రిల్, మే కాయ ఎంత ఉంచినా ఎరుపెక్కదు, నారింజ రంగులో ఆగిపోతుంది. మండీలో రేటు కోసేస్తున్నారు. ఇథిలీన్ తక్కువైనట్టేనా? ఇథిలీన్ వదిలే మందు ఇథెఫాన్ కలిపిన నీళ్లలో ముంచితే సరిపోతుందా?

జవాబు – పీహెచ్‌డీ స్కాలర్, హైదరాబాద్

వద్దన్నా. ఎండాకాలంలో వచ్చే ఈ రంగుకు ఎక్కువ సార్లు ఇథిలీన్ తక్కువ కావడం కారణం కాదు, వేడి. కాయ వేడి సుమారు 30 డిగ్రీలు దాటితే లైకోపీన్ తయారీ అణగిపోతుంది, బీటా కెరొటిన్ మాత్రం వస్తూనే ఉంటుంది. పచ్చదనం పోతుంది, ఎరుపు రాదు, నారింజ మిగులుతుంది. పైగా ఎండ నేరుగా తగిలే కాయ చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువ వేడెక్కుతుంది.

దోరకు రాగానే కోసి, గాలి ఆడే నీడలో, వీలైతే 20–25 డిగ్రీల్లో ఉంచండి. చల్లబడితే లైకోపీన్ మళ్లీ తయారవుతుంది. ఫ్రిజ్‌లో, కోల్డ్ స్టోరేజీలో 10 డిగ్రీల కంటే కిందకు పోనివ్వకండి, పచ్చికాయ చలికి దెబ్బతిని సరిగా మాగదు. చేను మీద ఉన్నప్పుడు ఆకులు మరీ కత్తిరించకండి, కాయకు ఆకు నీడ ఉండాలి. తొడిమ దగ్గర మాత్రమే పసుపుగా, గట్టిగా ఉంటే పొటాష్ సంగతి కూడా చూసుకోండి.

కార్బైడ్ నిషేధం, దాని జోలికే పోవద్దు. కాయలను ఇథెఫాన్ ద్రావణంలో ముంచడానికీ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒప్పుకోదు. గదిలో ఇథిలీన్ గ్యాస్ 100 పీపీఎమ్ వరకు పెట్టొచ్చు, కానీ వేడి తగ్గకుండా గ్యాస్ పెట్టి లాభం లేదు.

లెక్చరర్, గుంటూరు

ఒక చిన్న చేర్పు. ఇథిలీన్ రిసెప్టర్ ఒక్కటే చెప్పి ముగిస్తే సెమినార్ ఒంటికాలి మీద నిలబడుతుంది. వెలుగును పట్టుకునే రిసెప్టర్లు కూడా లైకోపీన్‌ను నడిపిస్తాయి. ఎరుపు వెలుగు ఇస్తే లైకోపీన్ పెరగడం, వెంటనే ఫార్-రెడ్ (ఎరుపు అంచు దాటిన వెలుగు) ఇస్తే ఆ పెరుగుదల ఆగడం 2000లోనే చూపించారు. అది ఎరుపు వెలుగును పట్టుకునే రిసెప్టర్ ఫైటోక్రోమ్ పని, ఇథిలీన్‌తో సంబంధం లేకుండా.

మన హైదరాబాద్ యూనివర్సిటీ బృందం 2021లో ప్లాంట్ జర్నల్‌లో వేసిన పేపర్ తప్పకుండా చదువు. నీలి వెలుగును పట్టుకునే ఫోటోట్రోపిన్1లో ఎన్‌పీఎస్1 అనే మ్యూటేషన్ ఉన్న టమాటాలో లైకోపీన్ పెరిగింది. అదే జీన్‌ను క్రిస్పర్ అనే జీన్ ఎడిటింగ్ పద్ధతితో పూర్తిగా పనిచేయకుండా చేస్తే కెరొటినాయిడ్లు తగ్గాయి. నెవర్-రైప్‌లో చూసిన "పాడవడం వేరు, పోవడం వేరు" ఇక్కడ కూడా ఉంది. రెండూ పక్కపక్కన చూపిస్తే బాగుంటుంది.

ప్రశ్న – ఎమ్మెస్సీ బోటనీ, తిరుపతి

సార్, అక్కా, ఇద్దరికీ థాంక్స్. ఆఖరుది. ల్యాబ్‌లో లైకోపీన్ కొలిచి ఒక బార్ గ్రాఫ్ చూపిద్దామనుకుంటున్నా. హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) లేదు, స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఎంత వెలుగు పీల్చుకుందో కొలిచేది) ఉంది. కుదురుతుందా?

జవాబు – పీహెచ్‌డీ స్కాలర్, హైదరాబాద్

కుదురుతుంది. గుజ్జును తూచి 10 ఎంఎల్ హెక్సేన్, 5 ఎంఎల్ ఇథనాల్, 5 ఎంఎల్ అసిటోన్‌లో కలిపి కుదుపు. తర్వాత 3 ఎంఎల్ నీళ్లు పోస్తే రెండు పొరలుగా విడిపోతుంది. పై పొర హెక్సేన్, దాన్ని 503 నానోమీటర్ల దగ్గర చదువు. అక్కడ బీటా కెరొటిన్ అడ్డం పెద్దగా రాదు. రీడింగ్‌ను 31.2తో గుణించి, గుజ్జు బరువు గ్రాముల్లో వేసి భాగిస్తే కిలోకు ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. హెక్సేన్ 10 ఎంఎల్ కాకుండా వేరే కొలత పోస్తే ఈ 31.2 పనికిరాదు. ట్యూబులకు ఫాయిల్ చుట్టు, వెలుగుకు లైకోపీన్ పాడవుతుంది. హెక్సేన్ పక్కన బర్నర్ వెలిగించి ఉండకూడదు. ప్లాస్టిక్ క్యువెట్ వద్దు, క్వార్ట్జ్‌ది గానీ గాజుది గానీ వాడు.