విజయవాడ నుంచి జహీరాబాద్: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఎటు నుంచి తిరగాలి? యాన్యువల్ పాస్ చెల్లుతుందా?

ప్రశ్న (బెజవాడ_కారు): తెల్ల బోర్డు కారు, ఫాస్టాగ్ మీద యాన్యువల్ పాస్ (ఏడాదికి ఒకేసారి కట్టే టోల్ పాస్) ఉంది. పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కి పటాన్‌చెరు దగ్గర దిగాలి. శంషాబాద్ మీదుగానా, ఘట్‌కేసర్ మీదుగానా? పాస్ అక్కడ కూడా పనిచేస్తుందా?

రింగ్‌రోడ్డు_రాజు: ఘట్‌కేసర్ వైపే వెళ్ళండి. ఓఆర్‌ఆర్ మొత్తం 158 కి.మీ. మీరు ఎక్కేది ఎగ్జిట్ 11, దిగేది ఎగ్జిట్ 3. ఘట్‌కేసర్, శామీర్‌పేట, మేడ్చల్ మీదుగా సుమారు 70 కి.మీ. శంషాబాద్, గచ్చిబౌలి చుట్టూ తిరిగితే ఇంకో 15 కి.మీ. పైనే పడుతుంది, పైగా సాయంత్రం నానక్‌రామ్‌గూడ దగ్గర ఐటీ రద్దీ. అబ్దుల్లాపూర్‌మెట్ దాటగానే ఎడమ లేన్‌లోకి వచ్చేయండి. ర్యాంప్ ఎక్కాక దారి రెండుగా చీలుతుంది, అక్కడ శంషాబాద్ బోర్డు చూసి తిరిగేవాళ్ళు చాలామంది. మీరు సరైన వైపు వెళ్తుంటే ఎగ్జిట్ నంబర్లు 10, 9, 8 అని తగ్గుతూ రావాలి. 12 కనబడిందంటే దారి తప్పినట్టే. అప్పుడు రివర్స్ గేర్ మాత్రం వేయకండి, బొంగుళూరులో దిగి మళ్ళీ ఎక్కండి.

ట్యాగ్_మాస్టారు: పాస్ ఓఆర్‌ఆర్ మీద చెల్లదండీ. అది జాతీయ రహదారుల టోళ్ళకే. ఓఆర్‌ఆర్ రాష్ట్ర ప్రభుత్వానిది, 2023లో 30 ఏళ్ళకు ఐఆర్‌బీ అనే ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చారు. అక్కడ మామూలు ఫాస్టాగ్ బ్యాలెన్స్ నుంచే కోత పడుతుంది. పాస్ ఉంది కదా అని వాలెట్ ఖాళీగా ఉంచితే దిగే బూత్‌లోనే ఇరుక్కుంటారు. రీఛార్జ్ ఇంట్లోనే చేసుకోండి, అప్‌డేట్ అవడానికి టైం పడుతుంది.

మీ దారిలో పాస్ పనిచేసేవి కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి, పటాన్‌చెరు దాటాక కంకోల్. అంటే పోనూ రానూ పాస్‌లో ఇచ్చే 200 ట్రిప్పుల్లో పది ఖర్చు. ఈ కీసర కంచికచర్ల దగ్గరిది. ఓఆర్‌ఆర్ ఎగ్జిట్ 8 కీసర వేరే ఊరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఓఆర్‌ఆర్‌లో ఎక్కేటప్పుడు ట్యాగ్ రీడ్ చేసి ఎంట్రీ రాసుకుంటారు, డబ్బు దిగేటప్పుడు కట్ అవుతుంది. ఎంట్రీలో గేటు చేత్తో ఎత్తి పంపేస్తే రికార్డు ఉండదు, దిగేచోట లెక్క తేలదు. అలా జరిగితే అక్కడే ఆగి స్లిప్ అడిగి తీసుకోండి. స్టిక్కర్ అద్దం వెనక, నిటారుగా, అంచులు లేవకుండా ఉండాలి. మెటల్ కలిసిన సన్‌ఫిల్మ్ మీద అతికిస్తే సిగ్నల్ అందదు. ఎక్కువ కోస్తే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లో ఆ లావాదేవీ మీదే డిస్ప్యూట్ వేయాలి.

బెజవాడ_కారు: చాలా థాంక్స్ అండీ. స్పీడ్ ఎంత? తమ్ముడు బైక్ మీద వస్తానంటున్నాడు.

రింగ్‌రోడ్డు_రాజు: బైక్ మెయిన్ రోడ్డు ఎక్కనివ్వరు, సర్వీస్ రోడ్డు మీదే రావాలి. దానికి టోల్ లేదు గానీ కొన్నిచోట్ల తెగి ఉంటుంది, టైం ఎక్కువ పెట్టుకోమనండి. కారుకు కుడివైపు రెండు లేన్లలో గరిష్ఠం 120, ఎడమ రెండింట్లో 80. బయల్దేరే ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడే డ్రైవర్ డోర్ ఫ్రేమ్ మీది స్టిక్కర్‌లో ఉన్నంత గాలి పెట్టించండి. గాలి తక్కువైతే ఈ వేగంలో టైరు పక్క గోడ నలిగి నలిగి వేడెక్కి పేలుతుంది. పంక్చరైతే లేన్‌లో ఆగొద్దు, రిమ్ పాడైనా సరే మెల్లగా అంచుకి తెచ్చి, అందరూ రెయిలింగ్ అవతలికి వెళ్ళి నిలబడండి. కారులో మాత్రం కూర్చోకండి.