కంటి రెప్ప తెల్లబడిన గొర్రెకు నట్టల మందా, పిడుదుల జ్వరం సూదా?

దేవరకొండ_జీవాలు: 60 గొర్రెల మంద మాది. వానలు తగ్గినప్పటి నుంచి 4 చచ్చిపోయాయి. కింది రెప్ప తిప్పి చూస్తే సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. నట్టల మందు నెల కిందటే తాగించాను. చెవుల్లో, తొడ సందుల్లో పిడుదులు గుత్తులుగా పట్టాయి. ఏం చేయాలి?

మన్ననూరు_కాపరి: 30 ఏళ్లుగా మేపుతున్నా. రెప్ప తెల్లబడిందంటే నట్టలే, కడుపులో ఉండి రక్తం తాగుతాయి. పిడుదుల జ్వరమైతే మూత్రం ఎర్రగా పోయాలి. నట్టల మందు మార్చి మళ్లీ తాగించు.

రాజేంద్రనగర్_విద్యార్థి: కాకా, పిడుదుల వల్ల వచ్చే జబ్బుల్లో ఎర్ర మూత్రం బెబీసియా అనే దాంట్లో వస్తుంది, అదీ ప్రతి జీవానికీ రాదు. అనాప్లాస్మాలో మూత్రం మామూలుగానే ఉంటుంది, రక్తం మాత్రం తగ్గిపోతుంది. థైలేరియాలో జ్వరంతో పాటు భుజం ముందు గడ్డ ఉబ్బుతుంది. మూడింటికీ మందు ఒకటి కాదు. చెవి కొసన సూదితో గుచ్చి, చుక్క రక్తం గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తేనే తెలుస్తుంది. అన్నా, జ్వరం చూశారా?

దేవరకొండ_జీవాలు: 106 ఉంది.

రాజేంద్రనగర్_విద్యార్థి: ఉత్త నట్టలకు అంత జ్వరం రాదు.

మన్ననూరు_కాపరి: మూత్రం ఎర్రగా వచ్చిందా లేదా? ముందు అది చెప్పండి.

దేవరకొండ_జీవాలు: రాలేదన్నా.

మన్ననూరు_కాపరి: అయిపోయింది కదా మరి.

నల్లగొండ_రైతుబిడ్డ: 1962కి ఫోన్ చేయండి, పశువుల దవాఖాన బండి వస్తుంది.

మన్ననూరు_కాపరి: బండి గురించి నాకు చెప్పకు. 2017లో సర్కారు గొర్రెల పథకంలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు నాకూ వచ్చాయి. లారీ దిగిన రోజే మా మందలో కలిపాను. నెల తిరక్కుండా 11 పోయాయి. ఒకాయన వచ్చి సూదులు వేసి పోయాడు. అది ఏం రోగమో ఈ రోజుకీ నాకు ఎవరూ చెప్పలేదు.

రాజేంద్రనగర్_విద్యార్థి: ఆ రోజు పరీక్ష చేయకుండా సూది వేయడమే తప్పు కాకా. నేను అడిగేదీ ఆ పరీక్షే.

మన్ననూరు_కాపరి: రిపోర్టు వచ్చేదాకా గొర్రె బతకొద్దా తమ్మీ? నిలబడి ఉన్నప్పుడే సంతకు తోలితే నాలుగు పైసలు చేతికొస్తాయి. ఇంట్లో చస్తే గుంత తవ్వాలి. నీకు మందు పేర్లు తెలుసు, నాకు అప్పు తెలుసు.

దేవరకొండ_జీవాలు: అన్నా, ఒక మాట దాచాను. పోయిన నెల సంతలో 5 కొన్నాను. ముందు జబ్బు పడ్డవి అవే. పిడుదులు కూడా వాటితోనే వచ్చాయి. అమ్మినాయన కూడా మీరు చెప్పినట్టే అనుకొని ఉంటాడు. ఆయన నాలుగు పైసలకు నా 4 గొర్రెలు పోయాయి.

రాజేంద్రనగర్_విద్యార్థి: ఆ 5 వేరే దొడ్లో కట్టండి. పిడుదుల మందు ఒంటికి ఒక్కటే చాలదు, దొడ్డి గోడల పగుళ్లలోనూ కొట్టాలి. పిడుదులు రక్తం తాగి రాలిపోయి అక్కడే గుడ్లు పెడతాయి.

దేవరకొండ_జీవాలు: కట్టేశాను. రేపు ఎండ ఎక్కకముందే రెండింటిని ఆటోలో దవాఖానకు తీసుకుపోతా.

మన్ననూరు_కాపరి: పెంటికలు కూడా పొట్లం కట్టుకొని పో. నట్టలు ఉన్నాయో లేవో అదీ తేలాలి.