ఆర్‌కే3326 కన్సోల్‌కి జీబీఏ ఎమ్యులేటర్ పోర్ట్: క్యూఈఎంయూలో నడిచే జిట్ కన్సోల్ మీద పడిపోతోంది

బురుజు_బైట్స్ (కర్నూలు)

అన్నలకు నమస్తే. ఒక ఓపెన్ సోర్స్ జీబీఏ (గేమ్ బాయ్ అడ్వాన్స్) ఎమ్యులేటర్‌ని, అంటే ఆ పాత గేమ్ మెషిన్‌ని అనుకరించే ప్రోగ్రామ్‌ని, ఆర్‌కే3326 చిప్ ఉన్న చేతి కన్సోల్‌లో నడిచేలా మారుస్తున్నా (పోర్ట్). నాలుగు కార్టెక్స్-ఏ35 కోర్లు, 1 జీబీ ర్యామ్, మాలి-జీ31 జీపీయూ, 640×480 స్క్రీన్. లోపల ఉబుంటు లినక్స్ మీద కట్టిన ఇమేజ్ (సిస్టమ్ మొత్తం ఉన్న ఫైల్) ఉంది, జీలిబ్‌సీ (ప్రోగ్రామ్‌లు ఆధారపడే మూల సీ లైబ్రరీ) 2.30. ఎమ్యులేటర్‌ది ఎస్‌డీఎల్2 (బొమ్మ, సౌండ్, బటన్లు చూసుకునే లైబ్రరీ) ఫ్రంటెండ్. ఎక్స్86 (ల్యాప్‌టాప్ ప్రాసెసర్) జిట్, అంటే గేమ్ కోడ్‌ని నడుస్తుండగానే ప్రాసెసర్ కోడ్‌గా మార్చే భాగం, దాంట్లో ముందే ఉంది; ఆర్మ్64 (కన్సోల్ ప్రాసెసర్) బ్యాకెండ్ కొత్తగా రాసినా.

ఉబుంటు 22.04 ల్యాప్‌టాప్‌లో క్రాస్ కంపైల్ చేసి (కన్సోల్ ప్రాసెసర్‌కి పనికొచ్చే బైనరీ కట్టి) వేస్తే కన్సోల్‌లో "జీలిబ్‌సీ 2.34 దొరకలేదు" అంటుంది. ప్రస్తుతానికి కొత్త లిబ్‌సీని పక్క ఫోల్డర్‌లో పెట్టి, దాని లోడర్‌తోనే (ప్రోగ్రామ్‌ని, లైబ్రరీలని మెమరీలోకి ఎక్కించేది) నడిపిస్తున్నా. ఇంకా మిగిలినవి ఇవి:

జిట్ ఆన్ చేస్తే కొన్ని సెకన్లకే సిగ్‌ఇల్ (చెల్లని ఇన్‌స్ట్రక్షన్ అని క్రాష్), ఒక్కోసారి సిగ్‌సెగ్వీ (తప్పు మెమరీ అడ్రస్ అని క్రాష్). ప్రతిసారీ వేరే చోట. అదే బైనరీ ల్యాప్‌టాప్‌లో క్యూఈఎంయూ (వేరే ప్రాసెసర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) యూజర్ మోడ్‌లో ఎంతసేపైనా నడుస్తుంది. జీడీబీ (డీబగ్గర్)లో, క్రాష్ అయిన అడ్రస్ దగ్గర డిస్‌అసెంబుల్ చేస్తే (మెషిన్ కోడ్‌ని చదవగలిగేలా మారిస్తే) ఇన్‌స్ట్రక్షన్ శుభ్రంగా కనిపిస్తుంది. శుభ్రమైన ఇన్‌స్ట్రక్షన్‌కి సిగ్‌ఇల్ ఏంటో అంతుపట్టడం లేదు. జిట్ ఆపి ఇంటర్‌ప్రెటర్‌తో (ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌ని విడివిడిగా నడిపే పద్ధతి) పోతే తేలిక గేమ్‌లు ఫుల్ స్పీడ్, బరువైనవి 41 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) దగ్గర ఆగుతాయి.

జీఎల్ (జీపీయూతో గీసే ఓపెన్‌జీఎల్) రెండరర్ పెడితే సౌండ్ వస్తుంది, స్క్రీన్ నలుపు. ఎస్‌డీఎల్ రెండరర్‌తో బొమ్మ వస్తుంది కానీ స్క్రోల్ అయ్యేటప్పుడు పిక్సెళ్లు పాకినట్టు కదులుతాయి.

సౌండ్‌లో రెండు రకాల గోల. ఫుల్ స్పీడ్‌లో కూడా ఆరేడు సెకన్లకొకసారి "టప్" అంటుంది. అది కాక మాటలు, డ్రమ్ముల శాంపిల్స్ చెవులు చిల్లులు పడేలా బరబరమంటాయి. బీప్ టోన్లు మాత్రం బాగుంటాయి.

టెస్ట్‌కి హోమ్‌బ్రూ (అభిమానులు సొంతంగా రాసిన గేమ్‌లు), సొంత కార్ట్‌రిడ్జ్‌ల డంప్‌లే వాడుతున్నా.

ఏడురోడ్లు_ఆర్మ్ (కడప)

జిట్ సంగతి నేను చెప్తా, మిగతావి ఎవురన్నా అందుకోండి.

నువ్వు రాసిన గుర్తుల్లోనే జవాబు ఉండాది. ఆర్మ్‌లో డేటా క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న వేగపు మెమరీ) వేరు, ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ వేరు. నీ జిట్ రాసే కోడ్ డేటా దారిలో పోతాది. ప్రాసెసర్ మాత్రం ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌లో అంతకుముందు ఉన్న పాత బైట్లనే పట్టుకుని నడుపుతాది. జీడీబీ చదివేది డేటా దారిలోనే కాబట్టి దానికి కొత్త ఇన్‌స్ట్రక్షన్ కనిపిస్తాది. శుభ్రమైన ఇన్‌స్ట్రక్షన్ మీద సిగ్‌ఇల్ అంటే నూటికి తొంభై పాళ్లు ఇదే. ఎక్స్86లో ఈ రెంటినీ హార్డ్‌వేరే కలిపి చూసుకుంటాది, అందుకే ఆ బ్యాకెండ్ రాసినోళ్లు దీన్ని పట్టించుకోల్యా. క్యూఈఎంయూలో అసలు ఈ క్యాషే లేదు, కాబట్టి అది ఎంతసేపు నడిచినా దీనికి సాక్ష్యం కాదు.

మందు: జీసీసీ కంపైలర్‌లో క్లియర్ క్యాష్ అనే బిల్టిన్ ఫంక్షన్ ఉండాది, మొదలు అడ్రస్, చివర అడ్రస్ ఇస్తే చాలు. బ్లాక్ (జిట్ ఒకసారికి తయారుచేసే కోడ్ ముక్క) మొత్తం రాసినాక, దాంట్లోకి దూకకముందు ఒకసారి పిలువు. దీన్ని ఎవరైనా పెడతారు, మరిచిపోయేది ఇంకోచోట. ఒక బ్లాక్ చివర డిస్పాచర్‌కి (తర్వాత ఏ బ్లాక్ నడపాలో వెతికే భాగం) పోయే బ్రాంచ్‌ని (దూకే ఇన్‌స్ట్రక్షన్), తర్వాతి బ్లాక్ తయారయినాక నేరుగా దానికే తిప్పుతావు కదా, ఆ ప్యాచ్ 4 బైట్లే. ఆ 4 బైట్లకీ క్లియర్ పిలవాల. బ్లాక్‌ని చెల్లనిదిగా చేసి పాత బ్రాంచ్ మళ్ల వెనక్కి పెట్టేటప్పుడు కూడా అంతే. అట్లాగని ఎందుకొచ్చిన తంటా అని 2 ఎంబీ బఫర్ మొత్తాన్ని ప్రతిసారీ క్లియర్ చేయొద్దు. 64 బైట్ల లైన్ చొప్పున 32,768 లైన్లు అవుతాయి, జిట్ వల్ల వచ్చిన స్పీడంతా దాంట్లోనే కొట్టుకుపోతాది. రాసినంత మేరకే చేయి.

ఇది పెట్టినాక కూడా సిగ్‌సెగ్వీ వస్తే రెండో అనుమానం బ్రాంచ్ దూరం. ఆర్మ్64లో మామూలు బ్రాంచ్, కాల్ రెండూ ముందుకీ వెనక్కీ 128 ఎంబీ దాకే అందుతాయి. కండిషన్ ఉన్న బ్రాంచ్ 1 ఎంబీనే. జిట్ బఫర్‌ని ఎంమ్యాప్‌తో (కెర్నెల్‌ని మెమరీ అడిగే కాల్) తీసుకుంటే కెర్నెల్ దాన్ని నీ బైనరీకి ఎంతో దూరంగా యాడనో పెడతాది, ఏఎస్‌ఎల్‌ఆర్ (భద్రత కోసం అడ్రస్‌లని కలగాపులగం చేసే ఏర్పాటు) వల్ల ఆ చోటు ప్రతిసారీ మారతాది. మెమరీ రీడ్, రైట్ హెల్పర్ ఫంక్షన్లకి నేరుగా కాల్ రాసినావంటే ఆఫ్‌సెట్ 26 బిట్లలో పట్టక తెగిపోయి ఇంకెక్కడికో దూకుతాది. దీనికి రెండు దారులు. బఫర్‌ని బైనరీలోనే స్టాటిక్ అర్రేగా పెట్టి, పేజీ హద్దుకి అలైన్ చేసి, ఎంప్రొటెక్ట్‌తో ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వడం ఒకటి. హెల్పర్ల అడ్రస్‌లన్నీ ఒక టేబుల్‌లో పెట్టి, ఆ టేబుల్ అడ్రస్ ఒక రిజిస్టర్‌లో ఉంచుకుని రిజిస్టర్ ద్వారా కాల్ చేయడం ఇంకొకటి. మొదటిదే తేలిక. ఏదైనా సరే, ఎమిటర్‌లో (ఇన్‌స్ట్రక్షన్లు రాసే భాగం) ఆఫ్‌సెట్ పడుతుందా లేదా అని అసర్ట్ (తప్పయితే అక్కడే ఆపే తనిఖీ) పెట్టు, రిలీజ్ బిల్డ్‌లో కూడా తీయొద్దు.

ఇంకో మాట. ఇవి తేలకముందే ఓ3, ఫాస్ట్ మ్యాథ్, ఎల్‌టీఓ అంటూ వేగం పెంచే కంపైలర్ ఫ్లాగులు మార్చబాకు. బ్లాకుల చోటు అటూఇటూ జరిగి క్రాష్ కాసేపు కనపడకుండా పోతాది, బాగయిందనుకుంటావు. ఓ2, ఎంసీపీయూకి కార్టెక్స్-ఏ35, అంతే.

గడియారస్తంభం_అనంత (అనంతపురం)

మిగతావి నేను చూస్తా.

జీలిబ్‌సీ: లోడర్ పక్కన పెట్టే ఆ కిటుకు ఇప్పుడే తీసేయండి. కన్సోల్‌లోని మాలి డ్రైవర్, ఏఎల్‌ఎస్‌ఏ (లినక్స్ సౌండ్) ప్లగిన్లు లోడయ్యే దగ్గర ఎప్పుడో ఒకసారి తంతుంది. 2.34లో పీథ్రెడ్ (థ్రెడ్‌ల) లైబ్రరీని లిబ్‌సీలోనే కలిపేశారు, ప్రోగ్రామ్ మొదలుపెట్టే సింబల్‌కి కూడా అప్పుడే కొత్త వెర్షన్ వచ్చింది. అందుకే ఉబుంటు 22.04లో, అంటే 2.35 మీద, హలో వరల్డ్ కట్టినా పాత ఇమేజ్‌లో నడవదు. డెబియన్ బస్టర్ (పాత లినక్స్ వెర్షన్) కంటైనర్ తీసుకోండి, దాంట్లో 2.28 ఉంటుంది, మీ 2.30కి సరిపోతుంది. ఉబుంటు 20.04 అయితే 2.31, ఒక్క మెట్టు ఎక్కువే. బస్టర్‌కి సపోర్ట్ అయిపోయింది కాబట్టి ఆప్ట్ సోర్సుల్లో ఆర్కైవ్ సర్వర్ అడ్రస్ పెట్టాలి. ఆర్మ్64 ఆర్కిటెక్చర్ కలిపి, క్రాస్‌బిల్డ్ ప్యాకేజీ, ఎస్‌డీఎల్2 డెవ్ ప్యాకేజీ వేసుకుంటే పని అయిపోతుంది. కట్టినాక ఆబ్జ్‌డంప్‌తో డైనమిక్ సింబల్స్ చూసి 2.30 దాటిన పేరు ఏదీ లేదని రూఢి చేసుకోండి. సీ++ లైబ్రరీని స్టాటిక్‌గా కలపండి. ఎస్‌డీఎల్2ని మాత్రం కలపొద్దు, కన్సోల్‌లో ఉన్నదాన్నే వాడండి; దాని స్క్రీన్‌కి తగ్గ ప్యాచ్‌లు చాలాసార్లు అందులోనే ఉంటాయి.

నల్ల స్క్రీన్: కన్సోల్‌లోని మాలి డ్రైవర్‌కి ఓపెన్‌జీఎల్ ఈఎస్ (చిన్న పరికరాల జీఎల్) వచ్చు, డెస్క్‌టాప్ జీఎల్ రాదు. విండో చేయకముందే ఎస్‌డీఎల్‌కి కాంటెక్స్ట్ ప్రొఫైల్ ఈఎస్ అని, మేజర్ వెర్షన్ 2 అని చెప్పాలి. షేడర్లలో (జీపీయూలో నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు) మొదటి లైన్‌లో వెర్షన్ 330 ఉంటే 100 చేయండి, ఇన్, అవుట్ బదులు పాత పద్ధతి యాట్రిబ్యూట్, వేరియింగ్ రాయండి. ఫ్రాగ్మెంట్ షేడర్‌లో ఫ్లోట్‌కి ప్రెసిషన్ లైన్ లేకపోతే కంపైల్ కాదు. షేడర్ లాగ్‌ని ప్రింట్ చేయించకపోతే ఇవేవీ మీకు కనిపించవు, నలుపే కనిపిస్తుంది. ఎస్ఎస్‌హెచ్ నుంచి (ల్యాప్‌టాప్ నుంచి నెట్‌వర్క్ ద్వారా) నడుపుతుంటే ముందు ఎమ్యులేషన్‌స్టేషన్‌ని (కన్సోల్ గేమ్ మెనూ) ఆపండి. డీఆర్‌ఎం మాస్టర్ (స్క్రీన్ మీద గీసే హక్కు) దాని చేతిలో ఉన్నంతసేపు మీ ప్రోగ్రామ్‌కి స్క్రీన్ దక్కదు.

పాకే పిక్సెళ్లు: జీబీఏ 240×160. మీ స్క్రీన్ వెడల్పుకి సాగదీస్తే 2.67 రెట్లు, అంటే 640×427. నియరెస్ట్‌తో (కలపకుండా దగ్గరి పిక్సెల్‌నే తీసుకునే పద్ధతి) ఒక పిక్సెల్ 2, పక్కది 3 అవుతుంది, స్క్రోల్‌లో ఆ తేడానే పాకినట్టు కనిపిస్తుంది. సరిగ్గా 2 రెట్లు వేస్తే 480×320, నాలుగు వైపులా 80 పిక్సెళ్ల నల్ల అంచు. బొమ్మ చిన్నదైపోయింది అనిపిస్తే, ముందు 480×320 టార్గెట్ టెక్స్చర్ మీదికి నియరెస్ట్‌తో గీసి, దాన్ని 640×427కి లీనియర్‌తో (పక్క పిక్సెళ్లని కలిపే పద్ధతి) సాగదీయండి. మసక దాదాపు తెలియదు. బస్టర్‌లో ఎస్‌డీఎల్2 2.0.9, టెక్స్చర్‌కి విడిగా స్కేల్ మోడ్ పెట్టే ఫంక్షన్ 2.0.12లో వచ్చింది. కాబట్టి ఒక్కో టెక్స్చర్ తయారు చేసేముందు స్కేల్ క్వాలిటీ హింట్ మార్చుకోవాలి.

"టప్": ఇది లెక్కకే దొరికిపోతుంది. జీబీఏ ఒక ఫ్రేమ్‌కి 280,896 సైకిళ్లు, క్లాక్ 16,777,216. భాగిస్తే 59.7275 ఎఫ్‌పీఎస్. మీరు వీసింక్‌తో (స్క్రీన్ రిఫ్రెష్‌కి జత చేయడం) 60కి కట్టేశారు. 32,768 శాంపిల్స్ రావాల్సిన సెకనులో 32,917 వస్తున్నాయి, 149 మిగులు. 1024 శాంపిల్స్ బఫర్ 6.9 సెకన్లకి పొర్లుతుంది, ఒక ముక్క పారేస్తున్నారు, అదే మీ ఆరేడు సెకన్ల టప్. బఫర్ పెంచితే టప్ ఆలస్యంగా వస్తుంది, పోదు. రీశాంప్లర్‌కి (సౌండ్ రేట్ మార్చే భాగం) ఇన్‌పుట్ రేట్ 32,917 అని చెప్పి, క్యూ సగం కంటే నిండితే కొంచెం వేగం, ఖాళీ అయితే కొంచెం నిదానం అయ్యేలా 0.5 శాతం లోపల రేట్‌ని సవరిస్తూ ఉండండి. రెట్రోఆర్క్ (పేరున్న ఎమ్యులేటర్ ఫ్రంటెండ్) చేసేదీ ఇదే పని. ప్యానెల్ కచ్చితంగా 60 అని నమ్మొద్దు, వెయ్యి ఫ్రేముల ఫ్లిప్ టైమ్ కొలిచి అసలు అంకె వేయండి.

బరబర: శాంపిల్స్ మాత్రమే పాడై టోన్లు బాగున్నాయంటే తప్పు క్యార్ (సీ భాషలో 8 బిట్ల) టైప్‌ది. జీబీఏ డైరెక్ట్ సౌండ్ శాంపిల్స్ 8 బిట్ల సైన్డ్ (మైనస్ అంకెలు కూడా పట్టేవి). ఎక్స్86లో ఉత్త క్యార్ సైన్డ్, ఆర్మ్ లినక్స్‌లో అన్‌సైన్డ్. మైనస్ 1 కాస్తా 255 అయి కూర్చుంటుంది. ఎఫ్‌సైన్డ్‌క్యార్ ఫ్లాగ్ వేసి చూడండి. పోయిందంటే తర్వాత తీరిగ్గా కోడ్‌లో ఇంట్8_టీ అని మార్చుకోవచ్చు. క్యూఈఎంయూలో కూడా ఇదే గోల వినిపించాలి, సౌండ్ ఆపి నడిపినట్టున్నారు.

తుంగభద్ర_డెవ్

ఇంత తలనొప్పి ఎందుకు సామీ, 32 బిట్ బిల్డ్ చేసుకుంటే పోలా? జీపీఎస్‌పీ (ఇంకో జీబీఏ ఎమ్యులేటర్)లో 32 బిట్ ఆర్మ్ డైనారెక్ (జిట్‌కి ఇంకో పేరు) ఎప్పటినుంచో ఉంది. ఏ35 కోర్ 32 బిట్ కోడ్ కూడా నడుపుతుంది.

ఏడురోడ్లు_ఆర్మ్ (కడప)

కోర్ నడుపుతాది, ఇమేజ్ నడపాల కదా. కెర్నెల్‌లో కంపాట్ (32 బిట్ ప్రోగ్రామ్‌లని నడపనిచ్చే సెట్టింగ్) ఆన్ అయి ఉండాల, 32 బిట్ లిబ్‌సీ, ఎస్‌డీఎల్2, అన్నిటికంటే ముఖ్యంగా 32 బిట్ మాలి డ్రైవర్ ఉండాల. కొన్ని ఇమేజ్‌ల్లో ఇవన్నీ ఉంటాయి, కొన్నిట్లో 64 బిట్ ఒక్కటే. గేమ్ ఆడుకోవడమే కావాలంటే జీపీఎస్‌పీ మంచి మాటే, దానికి ఆర్మ్64 డైనారెక్ కూడా ఉండాది. ఈ తమ్ముడు చేసేది వేరే ఎమ్యులేటర్ పోర్ట్. పైగా 32 బిట్‌కి పోయినా ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ బాధ అట్లనే ఉంటాది, బ్రాంచ్ దూరం 32 ఎంబీకి తగ్గుతాది కూడా.

బురుజు_బైట్స్ (కర్నూలు)

లింక్ ప్యాచ్ దగ్గర క్లియర్ క్యాష్ పెట్టినాక సిగ్‌ఇల్ పూర్తిగా పోయింది. బఫర్‌ని స్టాటిక్ అర్రే చేస్తే సిగ్‌సెగ్వీ కూడా లేదు. బస్టర్ బిల్డ్ నేరుగా నడుస్తోంది, బరబర ఫ్లాగ్‌తోనే పోయింది, ప్యానెల్ కొలిస్తే 60 కంటే కొంచెం తక్కువే ఉంది, ఆ అంకె వేసినా.

ఇంక రెండు. మధ్యాహ్నం ఛార్జింగ్‌లో పెట్టి ఆడితే అరగంట తర్వాత బరువైన గేమ్ 60 నుంచి 50కి దిగుతుంది. రెండోది, మెనూ నుంచి ఎగ్జిట్ చేస్తే సేవ్ ఉంటుంది, హాట్‌కీతో మూస్తే ఒక్కోసారి సేవ్ ఫైల్ 0 బైట్లు.

గడియారస్తంభం_అనంత (అనంతపురం)

మొదటిది మన ఊళ్ల ఎండ, ఛార్జర్ వేడి రెండూ కలిసి చేసే పని కావచ్చు. సిస్ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ వివరాలు చూపే ఫోల్డర్) థర్మల్ జోన్ 0 టెంప్ ఫైల్, సీపీయూ 0 ప్రస్తుత ఫ్రీక్వెన్సీ ఫైల్, రెండూ సెకనుకొకసారి లాగ్ చేయండి. టెంప్ అంకె వెయ్యో వంతుల్లో ఉంటుంది, 85000 అంటే 85 డిగ్రీలు. వేడి పెరిగి ఫ్రీక్వెన్సీ తగ్గుతుంటే అది థ్రాట్లింగ్ (చల్లబడటానికి చిప్ తనే వేగం తగ్గించుకోవడం). వేడి మామూలుగా ఉండి కూడా తగ్గుతుంటే గవర్నర్ (సీపీయూ వేగం నిర్ణయించే సెట్టింగ్) సంగతి, లాంచ్ స్క్రిప్ట్‌లో పర్ఫార్మెన్స్ పెట్టి, బయటికి వచ్చేటప్పుడు పాతది తిరిగి పెట్టండి. ఫ్రేమ్‌కి మీ చేతిలో 16.7 మిల్లీసెకన్లు. గవర్నర్ పర్ఫార్మెన్స్‌లో ఉండగా జిట్ 9, 10లో పూర్తి చేస్తుంటే క్లాక్ తగ్గించి నడిపినా సరిపోతుంది, వేడీ తగ్గుతుంది.

ఏడురోడ్లు_ఆర్మ్ (కడప)

సేవ్: హాట్‌కీ నీ ప్రోగ్రామ్‌ని సిగ్నల్‌తో చంపుతాది. నువ్వు ఫైల్‌ని ఖాళీ చేసి రాయడం మొదలుపెట్టినప్పుడే ఆ సిగ్నల్ వచ్చిందంటే 0 బైట్లే మిగులుతాయి. సిగ్‌టర్మ్ (ఆగిపొమ్మనే సిగ్నల్) హ్యాండ్లర్‌లో ఒక ఫ్లాగ్ మాత్రం ఎత్తు, ఫైల్ పని మెయిన్ లూప్‌లో చేయి. సేవ్ మొత్తం 32 కేబీ, మహా అయితే 128 కేబీ. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక పేరుతో రాసి, ఎఫ్‌సింక్ (రాసింది కార్డ్‌లోకి నిజంగా పోయేలా చేసే కాల్) పిలిచి, ఆ తర్వాత అసలు పేరుకి రీనేమ్ చేయి. గేమ్ సేవ్ మెమరీలోకి రాయడం ఆపినాక ఒక సెకను ఆగి నువ్వే రాసేస్తే హాట్‌కీ కిల్ సిగ్నల్ పంపినా నష్టం ఉండదు, దాన్ని హ్యాండ్లర్ పట్టలేదు కదా.

పోర్ట్‌ని వేరేవాళ్లకి ఇచ్చేముందు లాంచ్ స్క్రిప్ట్‌ని విండోస్ నోట్‌ప్యాడ్‌లో కొత్తగా రాసి సేవ్ చేయలేదు కదా అని చూసుకో. లైన్ల చివర సీఆర్ (విండోస్ కలిపే కనిపించని అక్షరం) పడితే "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని వస్తాది, దాన్ని ఎమ్యులేటర్ తప్పనుకుంటారు. రోమ్‌ల కార్డ్ ఎక్స్‌ఫ్యాట్ అయితే దాంట్లో సిమ్‌లింక్‌లు (వేరే ఫైల్‌ని చూపించే లింకు ఫైళ్లు) ఉండవు, లైబ్రరీలకి లింకులు పెట్టకుండా అసలు ఫైళ్లనే అసలు పేర్లతో కాపీ చేయి.